వేసవి సెలవులును విలక్షణ బాలురును

పాఠశాలకు సెలవులిచ్చు దినమున కడపటి గంట మ్రోగుటయే తడవు, బాలురు చేయు కోలాహలమును చదువరులందఱును ఎఱుగుదురు. ఆ సంతోషమును చూచి సంతసింపని యుపాధ్యాయుడుండడు. మన రాష్ట్రమున ఆ గంట ఏప్రిలు 23వ తేది ప్రాంతమున మ్రోగి, మరల జూను 12వ తేది ప్రాంతమున గాని వినబడదు. నడుమనున్న ఏడు వారములును మామిడితోటలకును, అమ్మమ్మగారి యింటికిని, పెండ్లి విందులకును చెందినవి. ఇది సామాన్య బాలుర మాట. ఇంచుమించు ప్రతి తరగతియందును ఒకరో యిద్దఱో వేఱొక తీరు పిల్లలు కలరు. వారికి ఆ యేడు వారములును విశ్రాంతి కాదు. సంవత్సరములో నెల్ల మిక్కిలి కష్టమైన కాలము. వారిని గుఱించి యీ సంచికయందు కొంత వ్రాయదలచితిని.

వీరెవరు? ఒకడు పేరుపెట్టి పిలిచినను పలుకడు. ఎదుటివాని కన్నులలోనికి చూడడు. తిరుగుచున్న పంకాను గంటసేపు తదేకముగా చూచుచుండును. వానికి ఆటిజము కలదని వైద్యులందురు. ఇంకొకడు క్షణమేని కుదురుగా కూర్చుండలేడు. ప్రశ్న ముగియకమునుపే ఉత్తరము చెప్పును. పెన్నో, చెప్పులో, భోజనపు డబ్బాయో దినమున కొకటి పోగొట్టుకొనును. దీనికి ఏ.డి.హెచ్.డి. యని పేరు. మఱియొక బాలిక కథ చెప్పినచో కన్నులార్పక విని, పొల్లుపోకుండ తిరిగి చెప్పును గాని, పుస్తకము చేతికిచ్చిన యెడల అక్షరము లామెకు లొంగవు. అది డిస్లెక్సియా. ఇవి పెంపకపు దోషములు కావు, పొగరును కావు. మెదడు పనిచేయు తీరునందలి భేదములు. ఇట్టి భేదములను నాడీవైవిధ్యమను నొక పేర చేర్చి చెప్పుట 1990వ దశాబ్దపు కడపటి భాగము నుండి వాడుకలోనికి వచ్చినది. మన దేశమున 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 విధములలో ఆటిజమును, చదువుటకును వ్రాయుటకును సంబంధించిన నిర్దిష్ట లోపములును చేరియున్నవి. ఈ పేరులు తెలియకమునుపు మన తరగతులలో వీరికి వేఱు పేరులుండెను: మొద్దు, పెంకెఘటము, పిచ్చిమాలోకము. ఆ పేరులు కొన్ని చోట్ల నేటికిని వినబడుచున్నవని చెప్పుటకు సిగ్గగుచున్నది.

1943లో బాల్టిమోరు నగరమునందలి వైద్యుడు లియో కానరు పదునొకండుగురు పిల్లల వృత్తాంతమును ప్రకటించెను. ఆటిజమును లోకమునకు తెలిపిన వ్యాసములలో అది మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ పిల్లలయందు ఆయన కనిపెట్టిన ముఖ్యలక్షణములలో నొకటి యేమనగా, తమ చుట్టునున్న దేదియు మాఱరాదను తీవ్రమైన పట్టుదల. పోవు దారి మాఱినను, సామాను చోటు జరిగినను, నిత్యక్రమము తప్పినను వారు తల్లడిల్లెడివారు. సెలవులనగా ఇట్టి పిల్లలకు ఎట్లుండునో గ్రహించుటకు ఉపాధ్యాయులమైన మనకు ఈ యొక్క లక్షణము తెలిసినను చాలును.

ఏలయన, పాఠశాలయం దేమి కలదు? గంట కలదు. ఉదయపు ప్రార్థన, హాజరుపట్టీ, గంటకొక పాఠము, పాఠమున కొక ఉపాధ్యాయుడు, మధ్యాహ్న భోజనము, అదే బల్ల, అదే ప్రక్కవాడు. మనకివి విసుగు పుట్టించును. గంట బాలునకు సంకెల వంటిదని వాదించువారును కలరు. సామాన్య బాలుని విషయమున అది కొంత నిజమైనను కావచ్చును. కాని కాలువపై తాటిదుంగ మీద నడచి దాటువానికి ప్రక్కను కట్టిన చేపట్టు కఱ్ఱ సంకెల యగునా? విలక్షణ బాలునకు గంట యట్టిది. ఇక నేమి జరుగునో అతనికి ముందే తెలియును. తెలిసినందున భయము లేదు. సెలవుల మొదటి యుదయమున ఆ కఱ్ఱ హఠాత్తుగా తీసివేయబడును. ఎందుకు తీసివేసిరో, ఎన్నడు మరల కట్టుదురో అతనితో నెవరును చెప్పరు.

పిమ్మట జరుగునది తల్లులకే తెలియును. నిద్ర అర్ధరాత్రికి జరుగును. ఆకలి వేళ తప్పును. ఏడాది పొడుగున నేర్చిన చిన్న చిన్న పనులు, చొక్కా బొత్తాములు పెట్టుకొనుట మొదలైనవి, వెనుకపట్టును. కొందఱు చెవులు మూసికొని అఱతురు; కొందఱు తమ చేతిని తామే కఱచుకొందురు. చూచువారు దీనికి గారాబమని పేరు పెట్టుదురు. 2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడి నెలల తరబడి తెఱవబడకుండినపుడు, తుది తెలియని సెలవు ఎట్టి భారమో సామాన్య బాలుర యిండ్లకును కొంత తెలిసివచ్చినది. విలక్షణ బాలుని యింటికి అట్టి కాలము ప్రతి వేసవియందును వచ్చుచున్నది.

ఇచ్చట నొక మాట. పిల్లలందఱు నొకే మచ్చు కారు. బడిలో దినమంతయు తన్ను తాను బిగబట్టుకొని, కాలు కదలింపక, శబ్దములనోర్చి, మంచివాడనిపించుకొని, ఇంటికి వచ్చి కూలబడువారును వీరిలో కలరు. అట్టివారికి సెలవుల మొదటి వారము నిజముగా విశ్రాంతియే. వారిని ఏకాంతమున నుండనిండు. గోడవైపు తిరిగి పడుకొన్నను, ఒక్క బొమ్మతోనే దినమెల్ల ఆడుకొన్నను తొందర పెట్టకుడు. ఒక వారము గడచిన పిదప క్రమమును మెల్లగా నేర్పఱుపవచ్చును.

ఆ క్రమమెట్లుండవలెను? ఇల్లు బడి కానక్కఱలేదు. అరగంట కొకటి చొప్పున పట్టిక వ్రాసి గోడకంటించిన తండ్రులను చూచితిని. మూడవ దినముననే ఆ పట్టిక తండ్రినే ఓడించును. కదలని గుంజలు దినమునకు నాలుగు చాలును: లేచు వేళ, స్నానము, భోజనము, నిద్ర. నడుమ కాలము వదులుగా నుండవచ్చును. చదువలేని పిల్లవానికి ఆ నాలుగింటిని బొమ్మలుగా గీసి వరుసగా చూపవలెను. మార్పు వచ్చునప్పుడు ముందుగా చెప్పవలెను. ఒకమాఱు కాదు, ముందునాటి రాత్రియు, ఆ యుదయమును, బయలుదేరబోవునపుడును.

నేనెఱిగిన యొక తల్లి బట్టలు కుట్టి జీవించునది. ఆమె కుమారుడు ఏడవ తరగతి బాలుడు, ప్రతి యుదయమును “ఇవాళ బడి ఉందా?” యని నలుబదిమార్లైన నడుగును. లేదని చెప్పినకొలది కోపము హెచ్చును. ఆమె ఏ శిక్షణాలయమునకును పోయినది కాదు. దినమున కొక కాగితము చించు క్యాలెండరును వాని కన్నులకెదురుగా మేకునకు తగిలించి, జూను 12వ తేది కాగితముపై బడిబొమ్మను ఎఱ్ఱ పెన్సిలుతో గీసి, స్నానమైన పిదప గాని ఆ దినపు కాగితమును చింపరాదని నియమము పెట్టినది. బాలుడు ప్రశ్నించుట వెంటనే మానలేదు. కాని ప్రశ్నించినప్పుడెల్ల ఆమె ఉత్తరము చెప్పక క్యాలెండరును చూపెడిది. వాడు మిగిలిన కాగితముల దళసరిని రెండు వ్రేళ్లతో పట్టి చూచుకొనెడివాడు. మే మాసపు నడుమకు ఆ ప్రశ్న దినమునకు రెండుమూడు మార్లకు దిగినదని ఆమె చెప్పినది. సెలవు దినములకు చేతితో తాకదగిన ఒక తుది ఏర్పడినది. వానికి కావలసిన దంతయే.

ఇంటిపనులను గూర్చి తల్లులు సందేహింతురు. సందేహింప నవసరము లేదు. వేసవి మన యిండ్లలో పచ్చళ్ల కాలము. ఆవకాయకు ముక్కలు లెక్కించుట, ఆవపిండిని కారమును ఉప్పును సోలతో సమముగా కొలుచుట, చింతపండు గింజ తీయుట, ఆఱిన బట్టలు మడచుట, వీనిలో కొలత కలదు, వరుస కలదు, ముగింపు కలదు. అతిచాంచల్యము గల బాలునకు చేతులకు పని దొరకును. వరుసను ప్రేమించు బాలునకు వరుస దొరకును. అయినను ఆవపిండి ఘాటును కొందఱు పిల్లలు ఏమాత్రము సహింపలేరు. వారిని ఆ దినమున పెరటిలోనికి పంపుడు. ధైర్యము నేర్పుదమని వంటింట నిలుపకుడు.

ఇక ప్రయాణములు, పెండ్లిండ్లు. ఈ విషయమున మన సంఘమునకు కొంత గట్టిగా చెప్పవలసియున్నది. మే నెలలో ఒక పిల్లవాని తల్లి పుట్టింటికి పోవును. గడప దాటకమునుపే “ఏమే వదినా, వీడు పలకడేమే? మామయ్యకి దణ్ణం పెట్టమను” అని ప్రారంభమగును. నలుగురును చుట్టుముట్టుదురు, బుగ్గ గిల్లుదురు, పెరుగన్నము తప్ప మఱేమియు తినని పిల్లవాని నోట పులిహోర కుక్కుదురు. వాడు అఱచిన తల్లి పెంపకమును నిందింతురు. ఆ తల్లి తన పుట్టింటిలో గదిమూలను కూర్చుండి యేడ్చుట న్యాయమా? అమ్మమ్మలు, మేనమామలు ఈ మాటను చదువుదురు గాక: పిల్లవాడు దండము పెట్టకపోవుట మీ యెడల అగౌరవము కాదు. వానిని తాకకుడు, ప్రశ్నింపకుడు. మీ పని మీరు చేసికొనుచుండుడు. రెండవ దినముననో మూడవ దినముననో వాడే వచ్చి మీ ప్రక్కను నిలుచుండును.

పోవునట్టి యిల్లు, పండుకొను గది, అచ్చటి మనుష్యులు, వీరి ఫోటోలను ముందుగా చూపుట మేలు. ఇంటినుండి వాని కంచమును, దుప్పటిని వెంట తీసికొనిపోవలెను. పెండ్లియందు బాజాలును, బాణసంచయు, ధ్వనివర్ధకములును కలిసి మ్రోగునపుడు వానికి ఆ శబ్దము మనకు వినబడునట్లు వినబడదు. దేహమునకు తగిలిన దెబ్బవలె నుండును. కావున విడిదిలో ఒక నిశ్శబ్దమైన గదిని ముందే చూచుకొని, చాలునని తెలుపుటకొక సైగను వానికి నేర్పి, ఆ సైగ చేసిన క్షణమున తండ్రి (తల్లి కాదు, ఆమె సంవత్సరమెల్ల చేయుచునే యున్నది) వానిని తీసికొని లేచిపోవలెను. మన సంఘములలో మే మాసమున జరుగు వెకేషన్ బైబిలు స్కూళ్లకును ఇదియే వర్తించును. అభినయగీతముల నడుమ కేకలు వేయలేని బాలుని వెనుక వరుసలో కూర్చుండనిచ్చి, కాగితములు పంచు పనినో, హాజరు గీతలు గీయు పనినో అప్పగించిన యెడల వాడును ఆ దినముల కెదురు చూచును.

నీటిని గుఱించి చెప్పక దాటరాదు. ఆటిజము గల పిల్లలలో అనేకులకు చెప్పకుండ ఇల్లు వెడలిపోవు నలవాటును, నీటియందు విపరీతమైన ఆకర్షణయు నుండును. అపాయమును గ్రహించు శక్తి అంతగా నుండదు. బడి యున్నంతకాలము ఉదయము నుండి సాయంకాలము వఱకు వాని మీద నెవరి కన్నో యుండును. సెలవులలో పెద్దలు మధ్యాహ్నపు టెండకు కునుకు తీయు వేళ వీధి తలుపు తెఱచియుండును. మన గ్రామములలో చెఱువు లేని దేది? కాలువయో, బావియో లేని దేది? ఎత్తున గడియ పెట్టుడు. చొక్కా జేబులో ఫోను నంబరు వ్రాసిన చీటి కుట్టుడు. ఇరుగుపొరుగువారితో, ముఖ్యముగా చెఱువుగట్టున నుండు అంగడివానితో, పిల్లవాని సంగతి దాచక చెప్పుడు. దాచుటవలన గౌరవము దక్కునని తలచు కుటుంబము లున్నవి. అట్టి గౌరవము పిల్లవాని ప్రాణముకంటె ప్రియమైనది కాజాలదు. పిల్లవాడు కానరానిచో మొట్టమొదట నీటి దగ్గఱకు పరుగెత్తవలెను, బంధువుల యిండ్లకు కాదు. వయస్సు వచ్చిన పిల్లవానికి, నమ్మదగిన పెద్దవాడొకడు ఎల్లప్పుడు చేరువనుండి ఈత నేర్పుట మంచిదే. కాని ఈత వచ్చినదని కన్ను తిప్పరాదు.

మందుల విషయము క్లుప్తముగా చెప్పెదను. మూర్ఛకో, చాంచల్యమునకో మందు వాడు పిల్లలకు, సెలవులు గదా యని వైద్యుని అడుగక మాన్పరాదు. మూర్ఛమందును హఠాత్తుగా నిలుపుట ప్రమాదము. ఆటిజమును సమూలముగా మాన్పెదమని చెప్పి వేసవిలో దూరప్రయాణములు చేయించి ధనము గుంజువారిని నమ్మకుడు. అట్టి మందు లేదు.

ఇప్పుడు మనలోనివారిని అడుగవలసిన సంగతి యొకటి కలదు. సెలవులకు హోమువర్కు ఏల? నూఱు పుటల చేవ్రాత, ఇరువది యెక్కములు పదేసి మార్లు! డిస్లెక్సియా గల బాలికకు ఆ నూఱు పుటలు ఏడు వారముల కారాగారము. తల్లికిని కూతునకును నడుమ నిత్యకలహము. 1896లో ఇంగ్లాండు దేశపు వైద్యుడు ప్రింగిల్ మోర్గను, పదునాలుగేండ్ల బాలుని వృత్తాంతమును వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ బాలుడు అన్నిట చుఱుకైనవాడయ్యును చదువుట మాత్రము నేర్వలేకపోయెను. చదువంతయు నోటిమాటగా జరిగినచో పాఠశాలలో అతనిని మించువాడుండడని అతని యుపాధ్యాయుడే అభిప్రాయపడెనట. ఇన్ని సంవత్సరములైనను మనమింకను నూఱు పుటలే వ్రాయించుచున్నాము. ఆమెకు కథలు చదివి వినిపింపుడు. చదివించిన పాఠమును ఫోనులో వినిపింపుడు. విన్నదానిని అవ్వకు చెప్పుమనుడు. దినమునకు పది నిమిషములు, పెద్ద అక్షరములలో నాలుగు పంక్తులు, ఆమెతో కలిసి చదివిన చాలును. రాబోవు తరగతి పాఠములను మే నెలలోనే ప్రారంభించు ప్రత్యేక శిక్షణలను గూర్చి నా యభిప్రాయము అడుగకుండుటయే మంచిది.

ఫోను తగదని చెప్పుట సులభము. ఆఱుగురి వంట చేయుచు పిల్లవానిని కాచుకొను తల్లికి అట్లు చెప్పుటకు నాకు నోరాడదు. అయితే దాని వేళయు, ముగియు గుర్తును ముందే నిర్ణయింపబడవలెను. ఆట మధ్యలో లాగికొనుట కొట్లాటకు పిలుపు.

నా ముఖ్యాభిప్రాయము పాఠశాల బాధ్యతను గూర్చినది. పిల్లవాడు దేనికి బెదరునో, ఏ మాటకు శాంతించునో, ఎవని ప్రక్కను కూర్చున్న పని చేయునో తరగతి యుపాధ్యాయుడు పది మాసములలో నేర్చుకొనును. ఆ జ్ఞానమంతయు ఏప్రిలు 23వ తేదిన అతనితోగూడ ఇంటికి పోవును. తల్లికి చేరదు, జూనులో వచ్చు క్రొత్త యుపాధ్యాయునకును చేరదు, అతడు మరల ఓనమాల నుండి ప్రారంభించును, పిల్లవాడు మరల దెబ్బలు తినును. మార్కుల పట్టికను సంతకముతో పంపు మనము, ఈ జ్ఞానమును ఒక్క కాగితముపై వ్రాసి తల్లి చేతికేల ఇయ్యరాదు? ఇంటి భాషలో, పది పన్నెండు వాక్యములలో. తల్లియు సెలవులలో తాను కనిపెట్టినది దాని వెనుకవైపున వ్రాసి, వ్రాయలేనిచో చెప్పి వ్రాయించి, జూనులో తిరిగి తేవలెను.

తెఱచియున్న దినములలోనే చేయదగిన పని యింకొకటి కలదు. సమగ్ర శిక్ష క్రింద మండలములందు భవిత కేంద్రములు నడచుచున్నవి. అచ్చట ప్రత్యేక శిక్షణ నొందిన యుపాధ్యాయులు కలరు. బౌద్ధిక వైకల్యము గలవారి కొఱకు 1984లో సికిందరాబాదున నెలకొల్పబడిన జాతీయ సంస్థ పిల్లలను పరీక్షించి తల్లిదండ్రులకు దారి చూపును. ఆటిజము మొదలగు కొన్ని వైకల్యములు గలవారికి, 1999వ సంవత్సరపు చట్టముచే నేర్పడిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల వఱకు వైద్యవ్యయమును భరించును. ఈ మూడు పేరులను విననైన వినని తండ్రులు మన పాఠశాలల చుట్టును ఎందఱో కలరు. సెలవులలో ఎవరిని అడుగవలెనో వారికి తెలియదు. మనము ఏప్రిలులోనే చెప్పవలెను.

ఉపాధ్యాయులకును సెలవులు కావలదా యని నా తోడివారు ప్రశ్నింతురు. కావలెను. మూల్యాంకనములు, శిక్షణలు, ఎన్నికల పనులు, ఇవన్నియు పోగా మిగులు దినములెన్నో నాకును తెలియును. కాబట్టి సెలవులలో బడి నడుపుడని అడుగుట లేదు. వారమున కొక యుదయము, ఒక గంట, ఒక గది. ఉపాధ్యాయులు వంతులు వేసికొన్నచో ఒక్కొక్కరికి సెలవులలో ఒక్క దినమే వచ్చును. పిల్లవాడు తన బల్లపై కూర్చుండి, బొమ్మ గీసికొని, నీళ్లకుండ నుండి నీళ్లు త్రాగి పోవును. కొందఱికే యీ ప్రత్యేకత యేల యని యితర తల్లిదండ్రులు అడిగినచో, పొట్టివానిని ముందు బల్లపై కూర్చుండబెట్టునపుడు పొడుగువాని తండ్రి మనల నడిగెనా యని నేను బదులు చెప్పెదను.

ఈ పిల్లల అక్కలను, తమ్ములను కూడ మఱవరాదు. సెలవులు వారికిని వచ్చినవి. తమ్ముని కాచుటయే అక్క సెలవు కారాదు. వారమున కొక దినమైనను ఆమె తన స్నేహితురాండ్రతో నిశ్చింతగా పోవలెను.

కడపటిది, పునఃప్రారంభము. జూను మొదటి వారమున పాఠశాల శుభ్రపఱచుటకు తెఱతురు. ఆ దినములలోనే పిల్లవానిని తల్లి తీసికొనిరావలెను. క్రొత్త తరగతి గది తలుపు, వాడు కూర్చుండు బల్ల, మరుగుదొడ్డి దారి, వీలైనచో క్రొత్త యుపాధ్యాయుని ముఖము, జనసమ్మర్దము లేని వేళ చూపవలెను. దీనికి ధనవ్యయమేమియు లేదు. ప్రధానోపాధ్యాయుని అనుమతియు, తాళపుచెవులున్న నౌకరు సహాయమును చాలును. మన పాఠశాలలో దీనిని ఆఱవ తరగతితో ప్రారంభింపవచ్చును. ప్రాథమిక పాఠశాలలను విడిచి, పది పన్నెండు గ్రామముల నుండి ఈ పెద్ద భవనమునకు మొదటిసారి వచ్చు పిల్లలు ఆ తరగతియందే కలరు. పేరులు చేర్చుకొను దినముననే తల్లులను విచారించినచో, ఎవరికి ముందుగా గది చూపవలెనో తెలియును.